తడిగుడ్డ కొలిచే చల్లదనం

హైదరాబాద్ సూరారం కాలనీలో రేకుల ఇల్లయినా, స్లాబు ఇల్లయినా మే నెల వచ్చిందంటే చాలామందికి కూలరే దిక్కు. బయట 41 డిగ్రీల ఎండ మాడ్చేస్తున్నా కూలర్ ముందు కూర్చుంటే కాసేపటికి ప్రాణం లేచొస్తుంది. అదే కూలర్ జూలైలో వేస్తే చల్లదనం సంగతి దేవుడెరుగు, ఒళ్ళంతా జిగట పట్టి, పక్కబట్టలు చెమ్మగిల్లి, ఎప్పుడు ఆపేద్దామా అనిపిస్తుంది. మోటారు మారలేదు, గడ్డి మారలేదు, పోసే నీళ్ళూ మారలేదు. పైగా జూలైలో బయటి వేడి పది డిగ్రీలు తక్కువ. ఎండ మండిపోతున్నప్పుడు బాగా పనిచేసి, ఎండ తగ్గాక చేతులెత్తేసే ఈ యంత్రం అసలు దేన్ని నమ్ముకుని నడుస్తోంది?

జవాబు కనుక్కోవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. బడి ప్రయోగశాలలో ఉండేలాంటి గాజు థర్మామీటర్లు రెండు చాలు (జ్వరం చూసేవి పనికిరావు). ఒకదాన్ని ఉన్నదున్నట్టు వసారాలో నీడన వేలాడదీయాలి. రెండోదాని బుడ్డికి పాత నూలు పంచె ముక్క చుట్టి, నీళ్ళతో తడిపి, పక్కనే వేలాడదీసి, విసనకర్రతో విసరాలి. మే నెల మధ్యాహ్నం మూడు గంటలకు మొదటిది 41 చూపిస్తూ కదలకుండా ఉంటుంది. రెండోదాంట్లో గీత దిగడం కంటికి కనిపిస్తుంది. ముప్ఫై ఆరు, ముప్ఫై రెండు, ఇరవై ఎనిమిది... అక్కడి నుంచి నెమ్మదిస్తుంది. గాలిలో తేమ 20 శాతం ఉన్న రోజున 23 దగ్గరికొచ్చి ఆగిపోతుంది. ఇంకెంత విసిరినా దిగదు. గుడ్డను ఫ్రిజ్ నీళ్ళతో తడిపితే 23కి దిగువ నుంచి పైకెక్కి అక్కడే ఆగుతుంది. మిద్దె మీది ట్యాంకులో కాగిన నీళ్ళతో తడిపినా చివరికి ఆగేది అక్కడే.

ఈ 23ను తడి ఉష్ణోగ్రత అందాం. మట్టి రంజన్‌లో నీళ్ళు ఎంత చల్లబడతాయో, కూలర్ గాలి ఎంత చల్లగా వస్తుందో, వానకు ముందు వీచే చల్లగాలి ఎంత చల్లగా ఉంటుందో, ఎండలో పనిచేసే మనిషి ఒంటికి చెమట ఎంత రక్షణ ఇస్తుందో తేల్చేది ఈ అంకే. వాతావరణ కేంద్రాల్లో గాలి ఆడేలా చెక్క పలకలు బిగించిన తెల్లపెట్టెలో ఈ జంట థర్మామీటర్లను తరతరాలుగా వాడుతున్నారు. ఆ పెట్టెకు రూపమిచ్చిన థామస్ స్టీవెన్‌సన్ స్కాట్లండ్‌లో లైట్‌హౌసులు కట్టిన ఇంజనీరు, ‘ట్రెజర్ ఐలండ్’ రచయితకు తండ్రి. సూరారానికి దగ్గర్లోనే దుండిగల్, హకీంపేట, కాస్త దూరంలో బేగంపేట వాతావరణ కేంద్రాలున్నాయి. మన పత్రికల్లో మాత్రం రోజూ పెద్ద అక్షరాల్లో పడేది పొడి థర్మామీటర్ అంకె ఒక్కటే.

గుడ్డ ఎందుకు చల్లబడుతోంది? నీటిలోని అణువులన్నీ ఒకే వేగంతో కదలవు. మిగతావాటికంటే చురుగ్గా ఉన్నవి పైపొరను తెంచుకుని గాలిలోకి వెళ్ళిపోతాయి, నెమ్మదైనవి మిగులుతాయి. మిగిలినవాటి సగటు వేగం తగ్గడమంటే నీరు చల్లబడడమే. గాలిలో అప్పటికే ఉన్న ఆవిరి అణువులు కొన్ని తిరిగొచ్చి గుడ్డలో పడుతుంటాయి కూడా. గాలి పొడిగా ఉంటే వెళ్ళేవి ఎక్కువ, వచ్చేవి తక్కువ. తేమ పెరిగేకొద్దీ రాకపోకలు సమానమవుతూ వస్తాయి. గుడ్డ చల్లబడుతున్నకొద్దీ చుట్టూ ఉన్న వేడిగాలి దానికి ఎక్కువ వేడి అందిస్తుంది. ఆ వేడీ, ఆవిరి పట్టుకుపోయే వేడీ సరిసమానమైన చోట థర్మామీటర్ ఆగుతుంది. 23 అంటే ఆ బేరం కుదిరిన చోటు.

ఇందులో మూడు అంకెలు గుర్తుపెట్టుకుంటే చాలా సంగతులు వాటంతటవే విడిపోతాయి. ఒక లీటరు నీటిని 10 డిగ్రీలు చల్లబరచడానికి అందులోంచి తీసేయాల్సిన వేడి 42 కిలోజౌళ్ళు. ఒక కిలో ఐసు కరగడానికి కావాల్సింది 334. ఒక లీటరు నీరు మన వేసవి వాతావరణంలో ఆవిరి కావడానికి పట్టేది సుమారు 2,430. అంటే లీటరు నీరు గాలిలో కలిసిపోతే, ఏడు కిలోల ఐసు కరిగినంత చల్లదనం వచ్చినట్టు. మరగనక్కర్లేదు, పొగలు కక్కనక్కర్లేదు. ఆరేసిన చీర తీగ మీద ఆరుతున్నా ఇదే లెక్క.

కరిగేటప్పుడూ, ఆవిరయ్యేటప్పుడూ నీరు ఇంత వేడిని మింగినా దాని ఉష్ణోగ్రత మాత్రం పెరగదు. థర్మామీటర్‌కు కనపడకుండా పోయే ఈ వేడిని 1760ల్లో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ కొలిచి చూపించాడు. సున్నా డిగ్రీలకు చేరగానే మంచంతా ఒక్కసారిగా నీరైపోతే, ఎండ పడ్డ ప్రతి కొండ కిందా వరదే వచ్చేదని ఆయన వాదన. కొండల మీది మంచు వారాల తరబడి నెమ్మదిగా కరుగుతోందంటే ప్రతి గ్రాముకూ విడిగా వేడి చెల్లించాల్సి వస్తోందన్నమాట. మంచు ముఖం చూడని మన ఊళ్ళో కూలర్, కుండ, కుల్ఫీ బండి అన్నీ ఆ లెక్క మీదే నడుస్తున్నాయి.

ఇక కూలర్ దగ్గరికొద్దాం. 41 డిగ్రీల గాలి తడి గడ్డి సందుల్లోంచి దూరేటప్పుడు నీటికి తన వేడి ఇచ్చి, నీటి ఆవిరిని తెచ్చుకుంటుంది. గడ్డి నిండుగా, సమంగా తడిసి ఉంటే, పొడి థర్మామీటర్‌కూ తడి థర్మామీటర్‌కూ మధ్య ఉన్న తేడాలో నూటికి డెబ్బై, ఎనభై వంతుల దాకా గాలి దిగుతుంది. మే నెలలో ఆ తేడా 18 డిగ్రీలు. ఎనభై వంతులు దిగితే గదిలోకొచ్చే గాలి 27 డిగ్రీల దగ్గర ఉంటుంది. జూలైలో వాన వెలిసిన సాయంత్రం బయట 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే తడి ఉష్ణోగ్రత 27. తేడా మూడే. కూలర్ ఎంత కష్టపడ్డా రెండున్నర డిగ్రీలకు మించి దించలేదు. వచ్చే గాలి 27, 28 మధ్యలో ఉంటుంది. చూడండి, రెండు నెలల్లోనూ కూలర్ ఇచ్చే గాలి వేడి దాదాపు ఒకటే! మేలో ఆ గాలి ఇంకా చెమటను పీల్చుకోగలదు. జూలైలో దాని కడుపు ఆవిరితో నిండిపోయి ఉంటుంది, చెమట ఒంటిమీదే నిలిచిపోతుంది. అందుకే జూలైలో మోటారు పంపు ఆపేసి ఉత్త ఫ్యాన్‌గా వాడుకుంటేనే హాయి.

కూలర్‌లో ఐసు గడ్డలు వేస్తే గది ఇంకా చల్లబడుతుందని చాలామంది నమ్మకం. లెక్క వేద్దాం. ఐదు కిలోల ఐసు కరగడానికి 1,670 కిలోజౌళ్ళు, కరిగిన నీళ్ళు 23 డిగ్రీలకు వేడెక్కడానికి ఇంకో 480. మొత్తం 2,150. అదంతా కలిపినా ఒక్క లీటరు నీరు ఆవిరైనంత కాదు. ఓ మోస్తరు కూలర్ మే మధ్యాహ్నం గంటకు ఆరేడు లీటర్ల నుంచి పది లీటర్ల దాకా ఆవిరి చేస్తుంది. ఐసుకు పెట్టే డబ్బు గడ్డి మార్చడానికి పెడితే ఫలితం ఎన్నో రెట్లు. ట్యాంకు నీళ్ళు కాగిపోయి వస్తున్నాయన్న బెంగ కూడా అక్కర్లేదు. 45 డిగ్రీల నీళ్ళు ఇరవై లీటర్లు పోసినా అవి 23కి దిగడానికి లీటరు కంటే తక్కువ నీరు ఆవిరైతే చాలు. కాసేపట్లో కూలర్ తన నీళ్ళను తానే చల్లార్చుకుంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైంది కిటికీ. కూలర్ వెనుక బయటి పొడిగాలి అందాలి, ఎదురుగా గాలి పోయే దారి ఉండాలి. చల్లదనం పోతుందని తలుపులన్నీ బిగించి, కూలర్‌ను గది మధ్యలో పెడితే అది వాడిన గాలినే మళ్ళీ వాడుతుంది. గాలి తేమతో నిండుతుంది, గోడలూ మనుషులూ వేడి ఇస్తూనే ఉంటారు, తడి ఉష్ణోగ్రత పైకెక్కుతుంది. మే నెలలోనే గదిలో జూలై వచ్చేస్తుంది.

ఈ ప్రాంతపు రాతినేలల్లో బోరు నీళ్ళ కాఠిన్యం ఇంకో చిక్కు. గాలిలోకి పోయేది నీరొక్కటే, అందులోని సున్నం, ఉప్పులు కూలర్‌లోనే ఉండిపోతాయి. పైనుంచి నీళ్ళు పోస్తున్నకొద్దీ అవి చిక్కబడి, గడ్డి మీద తెల్లటి పెంకు కడుతుంది. పెంకు కట్టిన చోట నీరు పట్టదు, ఆవిరీ లేదు. అడుగున ఉన్న నీళ్ళను వారానికోసారి పూర్తిగా పారబోసి తొట్టి కడగడమే దీనికి విరుగుడు. డెంగీ దోమ గుడ్లు పెట్టే చోటు కూడా అదే కాబట్టి ఆ కడుగుడు వాయిదా వేసే పని కాదు.

మట్టికుండకు వచ్చే జబ్బూ ఇదే. కుండ గోడలోని సన్నటి రంధ్రాల గుండా నీరు బయటికి ఊరి, పైన ఆవిరై, లోపలి నీళ్ళ వేడిని లాక్కుపోతుంది. రెండు మూడు వేసవులు వాడేసరికి రంధ్రాల్లో ఉప్పు పేరుకుని కుండ నీళ్ళు చల్లబడడం మానేస్తాయి. అప్పుడు ‘కుండ పాతబడింది’ అంటాం. పైన తెల్లగా కట్టిన ఉప్పును కొబ్బరి పీచుతో రుద్ది కడిగితే కొంతవరకు తేరుకుంటుంది. చలివేంద్రాల్లో రంజన్లకు తడి బట్ట చుట్టి నీడన, గాలి తగిలేచోట, తడి ఇసుక మీద పెట్టడం చూస్తుంటాం. అందులో ప్రతి ఏర్పాటూ ఆవిరయ్యే జాగాను పెంచడానికో, బయటి వేడి తగలకుండా చూడడానికో చేసిందే. బాగా ఊరే కుండలో నీళ్ళు మే నెలలో తడి ఉష్ణోగ్రతకు రెండు మూడు డిగ్రీల ఎగువ దాకా దిగుతాయి. అంతకంటే చల్లగా కాకపోవడమే గొంతుకు మేలు. మచిలీపట్నంలో అదే కుండ పెడితే ఈ సుఖం లేదు. సముద్రపు గాలికి తేమ 50 శాతం ఉండి ఎండ 39 కాసిందనుకోండి, తడి ఉష్ణోగ్రత 30. కుండను ఎంత మంచి చోట పెట్టినా 30కి దిగువకు రావడం జరగదు. హైదరాబాద్ సముద్రానికి దూరంగా, ఐదు వందల మీటర్లకు పైగా ఎత్తులో, పొడిగాలి పీఠభూమి మీద ఉంది కాబట్టే కూలరూ కుండా ఇక్కడ ఇంతగా రాజ్యం చేస్తున్నాయి.

కుండ బయట కనిపించే తడీ, ఐసు వేసిన స్టీలు గ్లాసు బయట కనిపించే తడీ చూడ్డానికి ఒకటే, పుట్టుక మాత్రం పూర్తిగా వేరు. కుండది లోపలినుంచి ఊరిన నీరు. గ్లాసుది గాలిలోంచి వచ్చి పట్టిన నీరు. మొదటిది పోతూ పోతూ చల్లబరుస్తుంది, రెండోది వచ్చి వేడి చేస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన అర లీటరు సీసా మీద ఐదు గ్రాముల నీరు, అంటే చెంచాడు, చెమ్మగా పట్టిందంటే ఆ ఆవిరి నీరవుతూ వదిలిన వేడి లోపలి నీళ్ళను దాదాపు ఆరు డిగ్రీలు పెంచడానికి సరిపోతుంది. జూలైలో సీసా చల్లదనం ఇట్టే పోవడానికి ఇదో కారణం. సీసా చుట్టూ పొడిబట్ట గట్టిగా చుడితే గాలి తగలక, చెమ్మ పట్టక, ఇంకొంతసేపు చల్లగా ఉంటుంది.

ఏసీ ఈ రెండో పనే పట్టుకుంది. చల్లటి రాగి గొట్టాల మీద గదిలోని ఆవిరిని నీరు చేసి, పైపులోంచి బయట బొట్లుబొట్లుగా వదిలేస్తుంది. ఆ బొట్లు పడుతున్న బకెట్‌ను చూస్తే కరెంటు ఎటు పోతోందో తెలుస్తుంది: బకెట్‌లో చేరిన ప్రతి లీటరుకూ 2,430 కిలోజౌళ్ళు గదిలోంచి తీసి బయట పారేయాల్సి వచ్చింది. 1902లో విల్లిస్ క్యారియర్ మొదటి యంత్రాన్ని రూపొందించింది మనుషుల సుఖం కోసం కాదు. బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయంలో తేమకు కాగితం సాగి, రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోకపోతే, ఆ తేమ తీయడానికి. చల్లదనం దాని వెంట వచ్చింది.

ఏసీ కొనేటప్పుడు ఒక టన్నా, ఒకటిన్నర టన్నా అని అడుగుతారు కదా. ఆ టన్ను యంత్రం బరువు కాదు, ఐసు బరువు. అమెరికా లెక్కలో టన్ను, అంటే 907 కిలోల ఐసు, ఇరవై నాలుగు గంటల్లో కరిగితే ఎంత వేడిని పీల్చుకుంటుందో అంత. మన కొలతలో మూడున్నర కిలోవాట్లు. అమెరికాలో గడ్డకట్టిన చెరువుల ఐసును కోసి ప్రపంచమంతా అమ్మిన కాలం ఉండేది. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ 1833లో కలకత్తాకు పంపిన ఓడ నాలుగు నెలలు ప్రయాణం చేసింది. బయల్దేరింది 180 టన్నులు, దిగింది దాదాపు వంద టన్నులు. మధ్యలో రెండుసార్లు భూమధ్యరేఖ దాటినా ఇంత మిగలడానికి ఒకవైపు రంపపు పొట్టు, మరోవైపు కిలోకు 334 కిలోజౌళ్ళు అడిగే ఐసు మొండితనం కారణాలు. మద్రాసు మెరీనా ఎదుట ఇప్పుడు వివేకానందుడి పేరున్న గుండ్రటి భవనం అప్పట్లో ఆ ఐసు దాచడానికి కట్టిందే.

ఇప్పుడు ఐసు గడ్డలు ఫ్యాక్టరీల్లో తయారవుతాయి. నీళ్ళు నింపిన పొడవాటి రేకు డబ్బాలను సున్నాకు చాలా దిగువన ఉన్న ఉప్పునీటి తొట్టిలో దించుతారు. ఉప్పువల్ల తొట్టి నీళ్ళు గడ్డకట్టవు, డబ్బాలో మంచినీళ్ళు కడతాయి. చెరుకు రసం బండి దగ్గర గోనెసంచి విప్పినప్పుడు ఆ గడ్డను ఒకసారి దగ్గరగా చూడండి. అంచుల్లో అద్దంలా తేటగా ఉంటుంది. నడిమధ్యలో పొడుగునా తెల్లటి గీత, అందులో సూదుల్లాంటి బుడగలు. డబ్బా గోడల నుంచి లోపలికి గడ్డకడుతూ వచ్చే ఐసు తన అమరికలోకి నీటి అణువులనే రానిస్తుంది, కరిగి ఉన్న గాలినీ లవణాలనూ ముందుకు నెట్టేస్తూ పోతుంది. నాలుగువైపుల నుంచీ తరిమితే అవన్నీ చివరికి మధ్యలో చిక్కుకుపోతాయి. నీళ్ళలో ఉన్న మలినం ఎక్కువగా చేరేదీ ఆ తెల్లటి భాగంలోనే. ఐసు చేసినంత మాత్రాన నీళ్ళలోని క్రిములు చావవు కూడా. చేపల కోసం చేసిన గడ్డ రసం గ్లాసులోకి రాకూడదని గట్టిగా చెప్పాల్సింది అందుకే.

ఐసుకూ నీటికీ మధ్య ఉన్న ఆ సున్నా డిగ్రీల గీతను ఇక్కడి మనుషులు ఎంత జాగ్రత్తగా వాడుకుంటారో చూడాలంటే టీకాలు వేసేరోజున ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి. మేడ్చల్, శామీర్‌పేటలకు టీకాలతో ఉన్న బంధం పెద్దది. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన షాన్‌వాక్-బి, దేశంలో జన్యు సాంకేతికతతో తయారైన తొలి హెపటైటిస్-బి టీకా. ఆ సంస్థ ఉన్నది మేడ్చల్‌లో. శామీర్‌పేట పక్కన జీనోమ్ వ్యాలీలో ఇవాళ ప్రపంచానికి టీకాలు చేసిపెట్టే కర్మాగారాలున్నాయి. ఇలాంటి టీకాల్లో చాలావాటిని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వేడెక్కితే చెడిపోతాయని అందరికీ తెలుసు. గడ్డకట్టినా చెడిపోయేవి ఉన్నాయన్నది అంతగా తెలియదు. హెపటైటిస్-బి టీకా అలాంటిదే. అందులో మందును అంటిపెట్టుకుని సన్నటి అల్యూమినియం లవణపు రేణువులుంటాయి. నీరు గడ్డకట్టేటప్పుడు, ఇందాక ఐసు గడ్డలో చూసినట్టే, రేణువులన్నీ ఒకచోటికి నెట్టుకుపోయి ముద్దకడతాయి. మళ్ళీ కరిగినా విడిపోవు, టీకా బలం పోతుంది.

డీప్ ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన ఐసు ప్యాకు సున్నాకు పదిహేను, ఇరవై డిగ్రీల దిగువన ఉంటుంది. దాన్ని అలాగే క్యారియర్ డబ్బాలో పెడితే పక్కనున్న సీసాలు గడ్డకట్టే ప్రమాదం. అందుకని ఏఎన్ఎం అక్కలు ప్యాకులను బల్ల మీద పరిచి కాసేపు వదిలేస్తారు. వాటిమీద తెల్లగా పట్టిన నూగు కరిగి నీటి బొట్లవుతుంది. ఒక్కోదాన్ని తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపుతారు. లోపల నీళ్ళు కదిలిన చప్పుడు వినపడితేనే డబ్బాలోకి. ఆ చప్పుడుకు అర్థం, ప్యాకులో ఐసూ నీరూ కలిసి ఉన్నాయని. రెండూ కలిసి ఉన్నంతసేపూ అది సున్నా దగ్గరే ఉంటుంది, కిందికి పోదు, ఐసంతా కరిగేదాకా పైకీ పోదు. వాకిట్లో ఎండ ఎంత కాస్తున్నా లోపలికొచ్చే ప్రతి కిలోజౌలునూ కరుగుతున్న ఐసు మింగేస్తూ ఉంటుంది. బ్లాక్ గ్లాస్గోలో కొలిచిన వేడిని ఇక్కడ ఒక నర్సు చెవితో కొలుస్తోంది. పసిపిల్ల తొడకు పడే సూదికి విలువ తెచ్చేది ఆ చప్పుడే.

ఆవిరి, ఐసు రెండూ ఒకేచోట పనిచేసే దృశ్యం ఏప్రిల్, మే సాయంత్రాల్లో మన నెత్తిమీదే కనిపిస్తుంది. పగలంతా కాగిన నేల మీద నాలుగింటికి పడమట నల్లటి మబ్బు లేస్తుంది. చినుకు పడకముందే గాలిదుమారం లేచి, దాని వెనకే చల్లగాలి తాకుతుంది. పది నిమిషాల్లో పది, పదిహేను డిగ్రీలు పడిపోవడం మామూలే. ఆ చల్లదనం ఎక్కడో హిమాలయాల నుంచి రాలేదు. మబ్బులోంచి రాలుతున్న వాన కింది పొడిగాలిలో ఆవిరవుతూ ఆ గాలిని చల్లబరుస్తుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి కిందికి దూకి, నేలను తాకి, నలుదిక్కులా పరుచుకుంటుంది. వాన ఇంకా మేడ్చల్ దగ్గరున్నా గాలి సూరారం చేరిపోతుంది. మైళ్ళ పొడవున్న కూలర్ అది. దానికీ అదే హద్దు: గాలి ఎంత చల్లబడ్డా ఆ రోజు తడి ఉష్ణోగ్రతకు దరిదాపుల్లోనే ఆగుతుంది. మధ్యాహ్నం తడి థర్మామీటర్ 23 చూపిస్తే, సాయంత్రం గాలి అటూఇటూగా అంత ఉంటుందని ముందే చెప్పొచ్చు.

రాళ్ళవాన పడ్డప్పుడు ఈ చల్లదనానికి కరిగే ఐసు తోడవుతుంది. మన మీద వేసవిలో గాలి సున్నాకు దిగేది నాలుగైదు కిలోమీటర్ల ఎత్తున. అక్కడ పుట్టిన రాయి చిన్నదైతే దారిలోనే కరిగి పెద్ద చినుకుగా పడుతుంది. పెద్దదైతే వేగంగా పడుతుంది, కరగడానికి కావాల్సిన వేడి పోగయ్యేలోపే నేలకు చేరుతుంది. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లి ప్రాంతంలో పొలాలూ రోడ్లూ తెల్లగా కప్పుకుపోయిన దృశ్యాలు చాలామంది చూసే ఉంటారు. కశ్మీరును తలపించిందని వార్తల్లో రాశారు. పంట పోయిన రైతుకు అది చూడముచ్చటగా ఏమీ లేదు.

చలికాలపు చల్లదనం దారి వేరు. మబ్బులేని పొడి రాత్రి నేల తన వేడిని కంటికి కనపడని కిరణాలుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. హకీంపేట, పటాన్‌చెరు, రాజేంద్రనగర్ లాంటి ఖాళీ నేలలున్న శివార్లలో నగరం నడిబొడ్డుకంటే తెల్లవారుజాము చలి ఎక్కువుండడం అందుకే. కాంక్రీటు తక్కువ, తెరిచి ఉన్న ఆకాశం ఎక్కువ. 1946 జనవరి 8న హైదరాబాద్‌లో 6.1 డిగ్రీలు నమోదైంది. ఉత్తరాదిలో ఇలాంటి రాత్రుల్ని వాడుకుని, గాలి సున్నాకు దిగకపోయినా, గడ్డి మీద పెట్టిన లోతులేని మట్టి పళ్ళాల్లో ఐసు పట్టేవాళ్ళు. అలహాబాద్‌లో చూసిన ఆ పద్ధతిని రాబర్ట్ బార్కర్ 1775లో లండన్ రాయల్ సొసైటీకి రాసి పంపాడు.

వేసవి రాత్రి మిద్దె మీద పడుకునేవాళ్ళు సాయంత్రం నీళ్ళు చల్లడం వెనుక మళ్ళీ ఆవిరి లెక్కే. ఐదంగుళాల స్లాబు చదరపు మీటరుకు మూడు వందల కిలోల బరువుంటుంది. ఆ మేర చల్లిన ఒక్క లీటరు నీరు పూర్తిగా స్లాబు వేడితోనే ఆవిరైతే దాన్ని తొమ్మిది డిగ్రీలు దించగలదు. కొంత గాలి వేడి కూడా కలుస్తుంది కాబట్టి నిజంగా దిగేది అంతకంటే తక్కువే. అయినా బకెట్లకు బకెట్లు కుమ్మరించక్కర్లేదు, పల్చగా రెండుసార్లు చల్లితే చాలు.

ఇన్నిటిలోకీ నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది మనిషి ఒంటి లెక్క. మన చర్మం 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి అంతకంటే వేడిగా ఉంటే ఫ్యాన్ గాలి కూడా ఒంటికి వేడినే ఇస్తుంది, వేడి బయటికి పోయే దారి చెమట ఒక్కటే. పొడి ఎండలో చెమట పట్టినట్టే తెలియకుండా ఆరిపోతుంది. లీటరు నీరు పోయిందని గమనించేలోపే వడదెబ్బ తగులుతుంది. 2015 మే వడగాడ్పుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. తేమ ఎండలో ఇంకోలా జరుగుతుంది: నీళ్ళు తాగుతున్నా, చెమట కారుతున్నా అది ఆరదు కాబట్టి ఒళ్ళు చల్లబడదు. తడి ఉష్ణోగ్రత 35 చేరితే ఆరోగ్యవంతుడు నీడన కూర్చున్నా కొన్ని గంటలకు మించి బతకడం కష్టమని షేర్‌వుడ్, హ్యూబర్ అనే శాస్త్రజ్ఞులు 2010లో లెక్కగట్టారు. 2022లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో యువతీ యువకుల మీద చేసిన ప్రయోగాల్లో, తేమగాలిలో ఒంటి వేడి అదుపు తప్పడం 31 దగ్గరే మొదలైంది.

జీడిమెట్ల పారిశ్రామికవాడలో పనికి వెళ్ళేవాళ్ళు సూరారం చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. రేకుల షెడ్డులో బాయిలర్ ఆవిరి, తడి సరుకు, మనుషుల చెమట కలిస్తే లోపలి తడి ఉష్ణోగ్రత బయటికంటే ఎక్కువవుతుంది. పైనుంచి కాగిన రేకు వేడి వేరే. పత్రికలో పడ్డ 38 డిగ్రీల అంకె ఆ షెడ్డు గురించి ఏమీ చెప్పదు. 1950ల్లో అమెరికా సైనిక శిక్షణ శిబిరాల్లో వడదెబ్బ చావులు ఆపడానికి తయారుచేసిన సూచికలో తడి థర్మామీటర్‌కు 70 శాతం, ఎండ సెగను కొలిచే నల్లగోళానికి 20 శాతం, పొడి థర్మామీటర్‌కు పదంటే పది శాతం విలువ ఇచ్చారు. ఎండకు అలవాటుపడ్డ మనిషి ఓ మోస్తరు శ్రమ చేస్తుంటే ఆ సూచిక 28 దాటకూడదని అంతర్జాతీయ ప్రమాణం. దీన్ని పట్టించుకోవడానికి ఖర్చేమీ లేదు. రెండు గాజు థర్మామీటర్లు, ఒక నూలు పీలిక, ఆ పీలిక కొస మునిగేలా చిన్న నీళ్ళ సీసా, షెడ్డు గోడకు కొట్టిన చెక్క ముక్క.

బడి వసారాలోనైనా, షెడ్డులోనైనా ఈ జంటను చదవడం తేలిక. రెండు గీతల మధ్య తేడా పదిహేను డిగ్రీలుంటే కిటికీ తెరిచి కూలర్ వేయండి, కుండ నింపండి, నీళ్ళు మామూలుకంటే ఎక్కువ తాగండి. తేడా ఐదుకు పడిపోతే కూలర్ పంపు ఆపి గాలి ఆడనివ్వండి. తేడా ఎంతైనా సరే, తడి గీత 28 దాటిందంటే బరువు పనులు పొద్దున్నకో సాయంత్రానికో మార్చి, గంటకోసారి మనుషుల్ని బయట నీడకు పంపాలి.